బాయి ఇచ్చిన గృహపాఠం

బాయి పోయారన్న కబురు సోమవారం పొద్దున మా తరగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను సిరోంచ తహసీలు కచేరీ ఎదురుగా ఉన్న మా చిన్న దుకాణంలో ఒక ముసలాయనకు దరఖాస్తు రాసిపెడుతున్నాను. ఫోను చూసి పక్కన పెట్టి, "నీ తండ్రి పేరేంది తాతా?" అని అడిగాను. ఆయన చెప్పాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పాడు. మూడోసారి అడిగేసరికి, "ఏమైంది బిడ్డా, చెవులు పనిజేస్తలేవా?" అన్నాడు. అప్పుడు కలం కింద పెట్టేశాను.

ఛాతీలో నొప్పి అన్నారట. అహేరి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. అంతకన్నా ఎక్కువ ఎవరూ రాయలేదు.

మావి తెలుగు మాట్లాడే ఊళ్ళే అయినా ప్రాణహితకు ఇవతల, మరాఠీ రాష్ట్రంలో ఉన్నాయి. ఇక్కడి మరాఠీ బడుల్లో పంతులమ్మను బాయి అంటారు. మాకు బాయిలు చాలామందే వచ్చారు, పోయారు. కానీ మాలో ఎవరైనా ఉట్టిగా "బాయి" అంటే తొమ్మిదో తరగతిలో ఇతిహాసం, నాగరికశాస్త్రం, అంటే చరిత్ర, పౌరశాస్త్రం చెప్పిన ఈమే. ఊరు నాగేపల్లి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చెప్పేది మరాఠీ. సిరోంచలో గది అద్దెకు తీసుకుని రోజూ స్కూటీ మీద మా బడికి వచ్చేవారు. మా ఊరు బామ్ని దాటాక నదివైపు ఉంటుంది. పేరు రాయను. నేను చెప్పబోయే మనుషులు చాలామంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

బాయి పెన్సిల్‌తోనే దిద్దేవారు. ఎర్ర సిరా ముట్టేవారు కాదు. ఎందుకని అడిగితే, "నా దిద్దుడే తప్పయితే? చెరుపుకోవాలె గదా" అనేవారు. గైడు చూసి రాసిన జవాబు ఎంత పొడవున్నా చదవకుండా పేజీ తిప్పేసేవారు. ఇంట్లో అడిగి రాసిన మూడు వరుసల దగ్గర మాత్రం ఆగిపోయి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, పక్కన చిన్నగా ప్రశ్నలు రాసేవారు. ఎవరు చెప్పారు? ఎప్పుడు? నువ్వే చూశావా? ప్రతి జవాబుకూ దాదాపు ఇవే ప్రశ్నలు.

ఒకసారి, వంతెన లేని రోజుల్లో మీ ఇంటివాళ్ళు ప్రాణహిత ఎలా దాటేవారో అడిగి రాయమన్నారు. మా నానమ్మ చెప్పింది విని, నేను మరాఠీలో ఉగ్రరూపం దాల్చిన అలలనీ, ప్రాణాలకు తెగించిన పడవవాడనీ పేజీ నింపేశాను. బాయి నన్ను దగ్గరికి పిలిచారు.

"గీ మాటలు మీ నానమ్మ అన్నదా, నువ్వన్నవా?"

"నేనే బాయీ."

"ఆమె ఏమన్నది?"

"భయమైంది, కండ్లు మూసుకున్న అన్నది."

"గట్లనే రాయి. తెలుగుల అన్నది గద, తెలుగులనే రాయి."

నాకు తెలుగు అక్షరాలు రావు. ఆ సంగతి చెబితే, "మీ ఇంట్లె ఎవలకన్న వస్తయేమో అడుగు" అన్నారు. మా బాపు చిన్నప్పుడు నది అవతల మేనమామ ఇంట్లో ఉండి తెలుగు బడిలో రెండో తరగతి దాకా చదివాడు. ఆయనకు గుర్తున్న అక్షరాలన్నీ బొగ్గుముక్కతో అరుగు మీద రాసి చూపించాడు. తన పేరులోని అక్షరాలు బాగా వచ్చేవి, మిగతావి సగం సగం. నేను ఇవాళ ఈ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నానంటే ఆ అరుగు మీద మొదలైందే.

ఇక అసలు గృహపాఠం గురించి చెప్పాలి. గ్రామసభ పాఠం మాకు ఆరో తరగతిలోదే. బాయి దాన్ని తొమ్మిదిలో మళ్ళీ తీశారు. "గప్పుడు బట్టీ పట్టిన్రు. ఇప్పుడు పోయి చూసి రాండ్రి" అన్నారు. పంచాయతీకి వెళ్ళి పోయినసారి గ్రామసభ ఎప్పుడు జరిగిందో, ఎవరెవరు వచ్చారో, ఏం తీర్మానించారో రిజిస్టరు చూసి రాసుకోవాలి. తర్వాత మా వాడకట్టులో పది ఇళ్ళకు వెళ్ళి, మీరు ఆ సభకు వెళ్ళారా అని అడగాలి. అంతే. పరీక్షకు రాని ప్రశ్న అని మాలో చాలామంది గొణుక్కున్నారు.

నేనూ నా స్నేహితురాలూ శనివారం బడి విడిచాక పంచాయతీకి వెళ్ళాం. అక్కడి నౌకరు, "బాయి తోలిన్రా? రాస్కోండ్రి, రాస్కోండ్రి" అని రిజిస్టరు బల్ల మీద పెట్టి బయట బీడీ ముట్టించుకున్నాడు. మేం వరసగా పేర్లు ఎక్కించుకుంటూ పోతుంటే, నా స్నేహితురాలు ఒకచోట వేలు పెట్టి, "గిది మీ బాపు గదనే" అంది. అవును, మా బాపు పేరే. ఎదురుగా సంతకం. చక్కటి మరాఠీ అక్షరాల్లో.

మా బాపుకు మరాఠీ మాట్లాడటం వచ్చు. రాయడం రాదు. ఎక్కడైనా తెలుగులోనే, నాలుగు అక్షరాలు, ఒక్కోటి వేరువేరుగా పెడతాడు.

నాకు అప్పుడు భయం వేయలేదు. గమ్మత్తుగా అనిపించింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. వాగు ఒడ్డు నుంచి ఇసుక తీయడానికి గ్రామస్తులకు అభ్యంతరం లేదని తీర్మానం. కింద సంతకాలు. ఆ కింద నా మాటగా ఒక వరుస: మా నాన్న సంతకం మరాఠీలో ఉంది, మా నాన్నకు మరాఠీ రాయరాదు. పది ఇళ్ళలోనూ ఎవరూ సభకు వెళ్ళలేదన్నారు. అదీ రాశాను.

సోమవారం బాయి నోటుపుస్తకాలు దిద్దుతూ నా పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. పుస్తకం తిరిగి నా చేతికి వచ్చినప్పుడు అంచున పెన్సిల్‌తో ఒకటే మాట ఉంది. "నాన్నను అడిగావా?"

ఆ సాయంత్రం అడిగాను. మా బాపు మిర్చితోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను చదివి వినిపించాను. చెంబు కింద పెట్టాడు. "ఇంకెవలకు చెప్పినవ్?" అన్నాడు. బాయికి అని చెప్పాను.  ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలి లేచాడు.

ఆయన ఇరకాటం ఏమిటో నాకు తర్వాత అర్థమైంది. ఆ వాగు ఒడ్డునే మా రెండెకరాలు. ఒడ్డు తవ్వితే వానాకాలానికి వరిమడి వాగులో కలుస్తుంది. నోరు తెరిచి అడుగుదామంటే, యాసంగి మిర్చికి నీళ్ళు సర్పంచమ్మ భర్త మోటారు నుంచే రావాలి. సర్పంచి ఆమే అయినా పంచాయతీ నడిపేది ఆయనే. ఇసుక తీర్మానమూ ఆయన రాయించిందే.

మరునాడే సర్పంచమ్మ భర్త బడికి వచ్చాడు. పిల్లలు రిజిస్టరు చూశారన్న మాట నౌకరు ద్వారా చేరింది. మా తరగతి గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా మాట్లాడాడు.

"బాయీ, పిల్లలకు పుస్తకంల ఉన్నది చెప్పుండ్రి. ఊరి లొల్లి మీకెందుకు?"

బాయి బల్ల మీది ఆరో తరగతి పుస్తకం తీసి, పాఠం చివర పిల్లలు చేయాల్సిన పని ఉన్న పేజీ తెరిచి ఆయన వైపు తిప్పారు. "పుస్తకంల ఉన్నదే చెప్తున్న. చూడుండ్రి."

ఆయన చూడలేదు. మా వైపు చూశాడు. ఒక్కొక్కరి మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు బెంచీల వెంట నెమ్మదిగా చూపు తిప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బాయి పాఠం చెప్పబోయి, సుద్దముక్క విరిగితే ఇంకోటి తీసుకున్నారు. అదీ విరిగింది.

ఆ పొద్దు గుంకకముందే ఆయన మా ఇంటికి వచ్చాడు. మంచం వేస్తే కూర్చున్నాడు. మిర్చి ఎట్లుంది, పురుగు పట్టిందా అని అడిగాడు. "మోటరు జర ఖరాబున్నది. చూడాలె, ఎన్ని దినాలు నడుస్తదో" అన్నాడు. నోటుపుస్తకం ఊసే ఎత్తలేదు. ఆయన బండి వీధి మలుపు తిరిగాక బాపు నా పుస్తకం తెమ్మన్నాడు.

"గా కాగితం చింపు."

"బాపూ, బాయి చూసిన్రు..."

"చింపు బిడ్డా."

చింపాను. ఆ చప్పుడు ఇంట్లో అందరం విన్నాం. బాపు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొయ్యిలో వేస్తాడనుకున్నాను. వేయలేదు.

మరునాడు మా హెడ్మాస్టరు తరగతికి వచ్చి, నాగరికశాస్త్రం నోటుపుస్తకాలన్నీ తన గదిలో పెట్టమన్నారు. ఆయన చెడ్డవారు కాదు. బడికి నీళ్ళ టాంకీ పెట్టించాలన్నా, గోడ కట్టించాలన్నా పంచాయతీతోనే పని.  బాయి లేచి నిలబడి, "సర్, పుస్తకాలు దిద్దుడానికి తీసుకుంట. దాసుడానికి తీసుకోను. పిల్లల రాత పిల్లలదే" అని మరాఠీలో ఒకసారి, మా కోసం తెలుగులో ఒకసారి అన్నారు. తర్వాత ఆయన ఎదుటే మా బెంచీల మధ్య నడుస్తూ, ఇంకా దిద్దడానికి తన దగ్గరున్న పుస్తకాలు ఎవరివి వారికి ఇచ్చేశారు. నా పుస్తకం ముందే నా దగ్గర ఉంది. బాయి దాన్ని అందుకుని తెరిచారు. చింపిన పేజీ మొదలు కుట్టు దగ్గర రంపపు పళ్ళలాగా మిగిలి ఉంది. నేను తల దించుకున్నాను. బాయి మూసి నా ముందు పెట్టి పక్క బెంచీకి వెళ్ళిపోయారు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం స్కూటీ మా వాకిట్లో ఆగింది. మా అమ్మ కంగారుగా చాప తెచ్చింది. బాయి కూర్చున్నారు.  బాపే ముందు మొదలుపెట్టాడు.

"బాయీ, మీకు జీతమున్నది. రేపు ఇంకో ఊరికి తోలినా జీతమే. మాకు గా నీళ్ళే ఉన్నయి."

నేను గుంజ చాటున నిలబడి విన్నాను. బాయి ఏదో పెద్ద మాట చెబుతారని, హక్కు గురించో రాజ్యాంగం గురించో తరగతిలో చెప్పినట్టు చెబుతారని ఎదురుచూశాను. ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"నిజమే అన్నా. పిల్లలను తోలేముందు నేను గీ సంగతి సోంచాయించాల్సింది. సోంచాయించలే. గది నా తప్పు. మీరు పరేషాన్ కాకుండ్రి. మీ బిడ్డకు వేరే ప్రశ్న ఇస్త." లేచి చెప్పులేసుకుంటూ ఒక్కమాట అన్నారు. "ఒకటే. ఆమె రాసింది తప్పని మాత్రం ఆమెతోని అనకుండ్రి. చింపియ్యుండ్రి, ఫరవాలేదు. తప్పని అనకుండ్రి."

నాకు ఇన్నేళ్ళలో చాలామంది చాలా నేర్పారు. ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, గది నా తప్పు అనడం నేను వినడం అదే మొదటిసారి.

జనవరి ఇరవై ఆరు దగ్గరపడింది. జెండా ఎగరేశాక ఆ రోజు గ్రామసభ ఉంటుంది, మా బడి ఆవరణలోనే. సభలో మొదట పోయిన సభ తీర్మానాలు చదివి ఒప్పించుకోవాలని మాకు పాఠంలో ఉంది. ఊళ్ళో ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. పిల్లలు పది పది ఇళ్ళు తిరిగి అడిగిన ప్రశ్న మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండిపోయింది. మోటారు రెండు రోజులు నడవడం, మూడు రోజులు ఆగడం మొదలైంది. బాయి మాతో గట్టిగా చెప్పారు. "గా దినం మీరెవలూ నోరు తెరువొద్దు. మీకు ఓటు లేదు. ఈ ఊర్లె నాకూ లేదు. మనం వినెటోళ్ళం."

ఆ రోజు లడ్డూలు పంచారు. తర్వాత బల్ల వేశారు. సర్పంచమ్మ కుర్చీలో కూర్చుంది, పక్క కుర్చీలో ఆమె భర్త. ఎప్పుడూ పదిమంది కూడా రాని సభకు ఆవరణ నిండిపోయింది. ఆడవాళ్ళు గోడవైపు, మగవాళ్ళు ఎండలో.  మేం వెనక, బాయి చుట్టూ. ఆమె చేతిలో పెన్సిల్ ఉంది. వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతున్నారు.

కార్యదర్శి రిజిస్టరు తెరిచి, పోయిన సభ తీర్మానాలు అందరికీ సమ్మతమే అని ఒక్క గుక్కలో చదివేసి పేజీ తిప్పాడు. ఎవరూ కదల్లేదు. నేను బాపు వీపునే చూస్తున్నాను. ఆయన ముందు వరుసలో గొంతుక్కూర్చుని నేల మీద పుల్లతో ఏదో గీస్తున్నాడు. కార్యదర్శి రెండో విషయం మొదలుపెట్టాడు. అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఊపిరి పీల్చుకున్నాను.

"జర ఆగుండ్రి."

బాపు లేచి నిలబడ్డాడు. జేబులోంచి మడతల కాగితం తీశాడు కానీ విప్పలేదు. చేతిలో పట్టుకున్నాడు, అంతే.

"గా ఇసుక కాగితం మీద నా పేరున్నదట. జర చూపియ్యుండ్రి."

"ఎవలు చెప్పిన్రు నీకు?" సర్పంచమ్మ భర్త కుర్చీలోంచే అడిగాడు.

"నా బిడ్డ. ఆమె సదువుతది గద."

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. బాయి పెన్సిల్ ఆగిపోయింది. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. 

రిజిస్టరు బల్ల మీదికి వచ్చింది. బాపు వంగి చూశాడు. "గిది నాది కాదు. నాకు మరాఠీ రాయరాదు." కార్యదర్శి చేతిలోంచి కలం అడిగి తీసుకుని, తన దగ్గరున్న కాగితం వెనక సంతకం పెట్టాడు. తెలుగులో. నాలుగు అక్షరాలు. ఒక్కో అక్షరానికీ ఎంతసేపు పట్టిందంటే, మధ్యలో ఎవరో దగ్గితే అదీ వినపడింది. పెట్టి ఆ కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టాడు. "గిది నాది."

కాసేపటికి ఇంకో గొంతు, "నాది సుత చూడుండ్రి" అంది. తర్వాత గోడవైపు నుంచి ఒక ముసలామె, "నేను యేలిముద్ర ఏస్త. సంతకం యాడికెల్లి వచ్చింది?" అంది. ఒకరి వెనక ఒకరు లేస్తున్నారు. సర్పంచమ్మ భర్త నిలబడి కేకలేశాడు. సభ అయిపోయింది, ఇండ్లకు పొమ్మన్నాడు.

అప్పుడు సర్పంచమ్మ మాట్లాడింది. ఆ కుర్చీలో ఆమె గొంతు మేం వినడం అదే మొదలు.

"సభ ఐపోలే. గా ఇసుక ఠరావు రద్దని రాయుండ్రి."

ఆమె భర్త ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. కార్యదర్శి వైపే చూస్తూ, "రాయుండ్రి" అంది మళ్ళీ. తీర్మానం రద్దని కార్యదర్శి రాశాడు.

అంతా బాగైపోయిందని చెప్పను. మోటారు మరునాటి నుంచి ఆగిపోయింది. మా మిర్చి సగం ఎండింది. మిగిలిన సగానికి అమ్మా నేనూ వాగులోంచి బిందెలతో మోశాం. పక్క చేను వాళ్ళు కొన్నాళ్ళు పైపు ఇచ్చారు. వాగు ఒడ్డు మాత్రం అలాగే ఉంది. ఇప్పటికీ అక్కడే వరి వేస్తాం.

ఎండాకాలం సెలవుల్లో బాయికి బదిలీ వచ్చింది, అడవిలో ఎక్కడో దూరపు బడికి. సిరోంచ బస్టాండులో కలిశాను. ఏడుస్తూ, "మా వల్లనే మిమ్మల్ని తోలిన్రు బాయీ" అన్నాను.

"నీకెవలు చెప్పిన్రు? నువ్వు కాగితం చూసినవా?"

"లేదు."

"తెల్వకుంటే తెల్వదని రాయాలె" అని నవ్వి నా జడ సరిచేశారు. బస్సు ఎక్కాక కిటికీలోంచి ఇంకేదో అన్నారు. ఇంజను చప్పుడులో వినపడలేదు. ఆ తర్వాత నాలుగైదుసార్లు కలిశాం, ఫోనులో మాట్లాడుకున్నాం. ఏమన్నారో అడగడం ప్రతిసారీ మరిచిపోయాను. పేజీ చింపినందుకు క్షమించమని కూడా ఎప్పుడూ అనలేదు. ఆమెకు తెలుసులే అనుకునేదాన్ని. తెలుసని నాకెవరు చెప్పారు?

బాయి పోయిన కబురు తెలిశాక నాగేపల్లికి నేను మూడో రోజుకు గానీ చేరలేకపోయాను. బస్సు దిగి అడిగితే ఎవరో ఇల్లు చూపించారు. వాకిట్లో ఆమె చదువు చెప్పిన పిల్లలు, పెద్దవాళ్ళయినవాళ్ళు, ఇంకా బడికి వెళుతున్నవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంటిముందు కొత్త వడ్లు ఎండబోసి ఉన్నాయి. కోతల కాలం ఎవరి కోసమూ ఆగదు కదా. బాయి భర్త ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, మీరు ఏ ఊరి బడి, ఏ తరగతి అని అడిగి పక్కన కూర్చుంటున్నారు. నా వంతు వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఒక్కసారిగా గాలి లేచి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

కూర్చున్నవాళ్ళమంతా లేచి పరుగెత్తాం. చేతులతో, చేటలతో, కొంగులతో వడ్లు కుప్ప చేస్తున్నాం. ఏదో బడి హెడ్మాస్టరట, ఒకాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి పారతో లాగుతున్నాడు. బాయి భర్త ఖాళీ సంచులు రెండు తెచ్చి పడేసి, చాలవని చూసి, గుమ్మం దగ్గరికి పరుగున వెళ్ళి, ఎప్పటి అలవాటుగా లోపలికి కేకేశారు.

"ఏమే, గా టార్పాలిన్ యాడ పెట్టినవ్?"

ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆయన గడప పట్టుకుని, జవాబు కోసం కొంచెం ముందుకు వంగి అలాగే నిలబడ్డారు. వాన వడ్ల మీద కురుస్తూనే ఉంది.